పాత తుపాకీ అమ్ముకున్న బాధ ఒకటి, దాని విలువ కట్టడం ఇంకొకటి

సంపాదకులకు నమస్కారం.

ఎక్కడో ఒక పాత తుపాకీ వేలంలో కోట్లు పలికిందని పేపర్లో వార్త వచ్చిన ప్రతిసారీ నాకు తెలిసినవాళ్ల దగ్గర్నుంచి ఫోన్లు మొదలవుతాయి. తండ్రిదో తాతదో తుపాకీ ఎప్పుడో అమ్మేసుకున్నవాళ్లు "అయ్యో, అంత అన్యాయానికి ఇచ్చేశామా" అని బాధపడతారు. ఇంకా అమ్మనివాళ్లు బీరువాలో ఉన్నదాన్ని బయటికి తీసి, ఇప్పుడు అమ్మితే ఎంతొస్తుంది, కాస్త మెరుగు పెట్టించి అమ్మితే ఇంకొంచెం ఎక్కువొస్తుందా అని అడుగుతారు. ఈ రెండు రకాల వాళ్ల కోసమూ, అలాంటి వార్తలు వేసే పత్రికల కోసమూ ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంచెం పొడుగైంది, వీలైతే కోత పెట్టకుండా వేయండి.

నేను కూడా ఒకటి అమ్మాను. మా పెదనాన్నది, ఇంగ్లండులో తయారైన 12 బోరు డబుల్ బ్యారెల్. గొట్టాలు పక్కపక్కన ఉండేది, పేల్చే సుత్తులు, అంటే హామర్లు, బయటికి కనిపించకుండా లోపలే ఉండే బాక్స్‌లాక్ రకం. అమ్మినందుకు బాధ ఉంది, ఇన్నేళ్లయినా పోలేదు, పోతుందని కూడా అనుకోవట్లేదు. అయితే తక్కువకి అమ్మానన్న బాధ మాత్రం నాకు లేదు, ఎందుకంటే అమ్మేముందు దాని విలువ సరిగ్గా కట్టించాను. చాలామంది ఈ రెండు బాధల్నీ ఒకదానిలో ఒకటి కలిపేసుకుంటున్నారు. వస్తువు మీద బెంగని ఇవాళ్టి ధరతో కొలుచుకుని, లేని నష్టాన్ని ఊహించుకుని నిద్ర పోగొట్టుకుంటున్నారు. ఒక పెద్దాయనైతే తన దగ్గర కొన్న మనిషితో మాటలే మానేశాడు, మోసం చేశాడని. ఆయన అమ్మిన తుపాకీ వివరాలు నేను విన్నంతవరకు ఆ కొన్నతను ఇచ్చింది న్యాయమైన ధరే.

ముందు ఆ కోట్ల సంగతి చూద్దాం. 1881 జూలై 14న న్యూ మెక్సికోలోని ఫోర్ట్ సమ్నర్‌లో షెరీఫ్ ప్యాట్ గారెట్ బిల్లీ ది కిడ్ అనే బందిపోటుని కాల్చి చంపాడు. ఆ రోజు ఆయన చేతిలో ఉన్న కోల్ట్ రివాల్వర్‌ని 2021 ఆగస్టులో లాస్ ఏంజెలిస్‌లో బోన్‌హామ్స్ వాళ్లు వేలం వేస్తే 60 లక్షల డాలర్లు దాటింది. అది చూసి ఇంట్లో పాత కోల్ట్ ఉన్నవాడు గుండె పట్టుకుంటాడు, సహజమే. కానీ ఆ మోడల్ సామాన్యమైనదే, 1873లో మొదలై 1940లో ఆపేదాకా ఆ కంపెనీ మూడున్నర లక్షలకు పైగా చేసింది. అదే ఏడాది, అదే ఫ్యాక్టరీలో, పక్క నంబరుతో బయటికొచ్చిన తుపాకీకి ఈ డబ్బులో వెయ్యో వంతు రావడం కూడా కష్టం కావచ్చు. కొన్నవాడు డబ్బిచ్చింది ఆ రాత్రికి, ఆ రాత్రి ఆ తుపాకీ అక్కడే ఉందని నిలబడి చెప్పే కాగితాలకి. ఆ తుపాకీ మధ్యలో ఒక బార్ యజమాని చేతిలో ఉండిపోతే గారెట్ భార్య కోర్టుకెళ్లి మరీ వెనక్కి తెచ్చుకుంది. ఆ కోర్టు వ్యవహారమే తర్వాత తరాలకి ఒక సాక్ష్యమైంది. మన టిప్పు సుల్తాన్ తుపాకులు 2015 ఏప్రిల్‌లో లండన్‌లో వేలానికొచ్చినప్పుడూ అంతే. వాటి మీద చెక్కిన పులి చారలు, పులి తలలు చూస్తే ఎవరి ఆయుధశాలలోవో పుస్తకం తెరవకుండానే చెప్పొచ్చు. అలాంటి ఆధారం లేని కథ, అంటే "మా తాత దీంతో ఫలానా దొరని కాపాడాడు" లాంటిది, మనకి ఎంత నిజమైనా కొనేవాడి లెక్కలోకి రాదు. ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లు ఎప్పుడూ చెప్పే మాటే, కథని కొనొద్దు తుపాకీని కొను అని.

ఇక తుపాకీనే చూడాలంటే ఏం చూస్తారు? వయసు అని చాలామంది అనుకుంటారు. వయసు ఒక్కటే పెద్ద లెక్క కాదు. మోసిన్ నాగాంట్ అనే రష్యా రైఫిల్ 1891 నాటి రకం, అవి కోట్ల సంఖ్యలో తయారయ్యాయి. యుద్ధాల తర్వాత గిడ్డంగుల్లో గ్రీజు పూసి పెట్టెల్లో పేర్చిన సరుకు బయటి మార్కెట్లోకి వచ్చినంతకాలం వాటికి గిరాకీ ఉన్నా ధర లేదు. ఆ దిగుమతులు ఆగాక పెరిగింది. అంటే నిన్న అమ్మినవాడు తెలివితక్కువవాడూ కాదు, ఇవాళ అమ్మినవాడు గొప్పవాడూ కాదు, మధ్యలో మారింది సరుకు రాక. వించెస్టర్ మోడల్ 70 అనే వేట రైఫిల్ సంగతి ఇంకో రకం. 1964లో కంపెనీ ఖర్చు తగ్గించుకోడానికి తయారీ పద్ధతి మార్చింది, కొనేవాళ్లకి అది నచ్చలేదు, అప్పట్నుంచి "64కి ముందుది" అన్న మాటే ఒక హోదా అయిపోయింది. 1963లో కొన్నవాడికి తన చేతిలో ఉన్నది రేపు అపురూపం అవుతుందని ఎలా తెలుస్తుంది? కోల్ట్ పైథాన్ రివాల్వర్ 1955లో వచ్చింది, 2005లో ఆగిపోయింది, ఇక రాదనుకున్న ఏళ్లలో పాతవాటి ధర ఎక్కడికో పోయింది, తీరా 2020లో కంపెనీ మళ్లీ కొత్తది దింపింది. వీటన్నిటినీ ముందే ఊహించి అమ్మడం మానుకోవాల్సిందని తనని తాను తిట్టుకునేవాళ్లని చూస్తే నాకు నిజంగా జాలేస్తుంది. ఏ రోజు అమ్మితే ఆ రోజు లెక్క. ఆ రోజు నలుగురు ఎంతకి కొంటున్నారో అంతకి ఇచ్చి ఉంటే అక్కడితో ఆ లెక్క ముగిసినట్టే. పైగా ఆనాటి డబ్బుతో ఒక పిల్లాడి చదువో, ఒక ఆపరేషనో జరిగి ఉంటుంది. దాన్ని లెక్కలోంచి తీసేసి తుపాకీ ధరనొక్కదాన్నే ఇవాళ్టికి తెచ్చి చూడటం ఏం న్యాయం?

ధరలో అసలు పెద్ద తేడా తెచ్చేది మొదటి స్థితి ఎంత మిగిలి ఉంది అన్నది. ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చినప్పటి నీలి పూత, చెక్క మీది నూనె మెరుపు, చెక్కుడు పని అంచుల పదును, ఇవన్నీ ఒక్కసారే ఉంటాయి. వాడకంలో అరిగిపోవడం తప్పు కాదు, అరుగుదలకి మర్యాద ఉంది, కొనేవాళ్లు దాన్ని ఒప్పుకుంటారు. ఒప్పుకోనిది మెరుగు పెట్టించడాన్ని. అమ్మేముందు పాలిష్ పట్టించి కొత్తగా నలుపు వేయిస్తే చూడ్డానికి బాగుంటుంది కాబట్టి ఎక్కువ వస్తుందని అనుకుంటారు, నూటికి తొంభైమంది. సేకరణ కోసం కొనేవాడి ముందు పెడితే సరిగ్గా ఉల్టా జరుగుతుంది. పాలిష్ చక్రం లోహం మీద తిరిగినప్పుడు మొదట పోయేది అంచుల పదును. తయారీదారు పేరులోని అక్షరాల చివర్లు గుండ్రమైపోతాయి, స్క్రూ రంధ్రాల చుట్టూ లోహం చిన్న పళ్లెంలా దిగిపోతుంది, ఒక వైపు చెక్కిన ఆకులూ తీగలూ లోతు తగ్గి పాలిపోతాయి. తెలిసినవాడు లైటు కింద ఒక్కసారి వాలుగా తిప్పి చూస్తే చాలు, చెప్పేస్తాడు. చెక్కని గరుకు కాగితంతో రుద్దితే ఇంకా సులువుగా దొరికిపోతుంది. కొత్తలో చెక్క, లోహం కలిసే చోట చెక్క ఒక వెంట్రుకవాసి ఎత్తుగా ఉండేలా చేస్తారు. రుద్దినదాంట్లో చెక్క లోహం కంటే కిందికి పోయి ఉంటుంది, వేలితో తడిమితే గోరుకి తగులుతుంది. కేస్ హార్డెనింగ్ రంగులు, అంటే లాక్ (పేల్చే యంత్రాంగం ఉండే భాగం) పక్కల నీలం, గోధుమ, గడ్డి రంగులు మేఘాల్లా కలిసిపోయి కనిపించేవి, వెలుతురుకీ చేతి చెమటకీ మెల్లగా వెండి రంగుకి తిరుగుతాయి. ఆ వెండి రంగుని చూసి పాతబడిపోయిందని రంగులు మళ్లీ వేయించకండి దయచేసి. ఒక్కసారి చేయించాక దాన్ని వెనక్కి తిప్పే పని ప్రపంచంలో ఎవడి చేతిలోనూ లేదు.

స్క్రూల గురించి ఒక్క మాట చెప్పాలి, నాకు అది ఇష్టమైన విషయం. మంచి ఇంగ్లీషు తుపాకుల మీద స్క్రూ తలల్లో గీతలన్నీ గొట్టం పొడుగునా ఒకే దిక్కుకి తిరిగి ఉంటాయి. చేసినవాడు ప్రతి స్క్రూనీ ఆ గీత సరిగ్గా అక్కడికొచ్చి బిగిసేలా కోస్తాడు. అలాంటి తుపాకీలో ఒక గీత పక్కకి వాలి ఉన్నా, దాని అంచులు చితికి ఉన్నా, ఎవరో సరైన పనిముట్టు లేకుండా ఇంట్లో విప్పారని అర్థం. లోపల ఏం చేశారో అన్న అనుమానం అక్కడే మొదలవుతుంది, ధర కూడా అక్కడ్నుంచే జారుతుంది. ఇంట్లో ఉన్న స్క్రూడ్రైవరుతో పాత తుపాకీ జోలికి పోకండి.

యుద్ధకాలపు పిస్తోళ్లలో నంబర్లు కలవడం ఒక పెద్ద విషయం. జర్మన్ సైన్యం 1908లో తీసుకున్న లూగర్‌లో ఫ్రేము మీద పూర్తి నంబరు ఉంటే చిన్న చిన్న భాగాల మీద దాని చివరి రెండంకెలు కొట్టి ఉంటాయి. అన్నీ ఒకే నంబరువైతే ఒక ధర, ఒక్క భాగం వేరే పిస్తోలుది అయితే ఇంకో ధర. మ్యాగజైన్ నంబరు కూడా కలిస్తే సేకరించేవాళ్లు ఎగబడతారు. అందుకే "నా దగ్గరా అలాంటి లూగరే ఉండేది" అన్న మాటకి అర్థం లేదు. అలాంటిది అంటే ఎలాంటిది? నంబర్లు చూడకుండా ఎవరూ చెప్పలేరు, ఫొటో చూసి ధర చెప్పేవాడి మాట అసలే నమ్మొద్దు.

మా పెదనాన్న తుపాకీకి వస్తాను. గొట్టాలు విడదీసి కిందివైపు చదునుగా ఉండే చోట చూస్తే బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ ముద్రలు వరసగా ఉండేవి. ఆ సంస్థ 1813లో పార్లమెంటు చట్టంతో వచ్చింది. లండన్‌లో అదే పని గన్‌మేకర్స్ కంపెనీది, దానికి 1637 నాటి చార్టర్ ఉంది. మామూలు కంటే ఎక్కువ మందు పెట్టి పేల్చి చూసి, తట్టుకున్న గొట్టానికే ముద్ర వేస్తారు. ముద్రల ఆకారం కాలాన్ని బట్టి మారుతూ వచ్చింది కాబట్టి ఏ నాటిదో, నల్లమందుకి పరీక్షించారా తర్వాత వచ్చిన, పొగ అంతగా రాని నైట్రో మందుకా అన్నది వాటినిబట్టి తెలుస్తుంది. ఇది ధర కోసమే కాదు, ప్రాణం కోసం కూడా. ఇనుము, ఉక్కు బద్దీలు మెలిపెట్టి చుట్టి చేసిన డమాస్కస్ గొట్టాల్లోనూ, కాట్రిడ్జి కూర్చునే గది రెండున్నర అంగుళాలే ఉన్న పాత గొట్టాల్లోనూ ఇప్పటి కాట్రిడ్జిలు పెట్టి పేల్చాలని చూడకండి. తెలిసిన గన్‌స్మిత్ కొలిచి సరేనన్నాకే ఏదైనా.

విలువ కట్టడానికి నేను పిలిచింది కొనే ఆలోచన లేని మనిషిని, తుపాకులు బాగుచేసే ఒక గన్‌స్మిత్‌ని, ఫీజు ఇచ్చి. ఇది నేను అందరికీ గట్టిగా చెప్తాను: కొనబోయేవాడి చేత విలువ కట్టించుకోవద్దు. అతను చెడ్డవాడని కాదు, అతని లెక్కలో అతని లాభం, దుకాణం ఖర్చు, అది అమ్ముడుపోయేదాకా డబ్బు ఇరుక్కుపోయే ఏడాదీ ఉంటాయి. ఆ గన్‌స్మిత్ ముందు గొట్టాలని విడదీసి ఒక వేలికి తగిలించి పట్టుకుని, గోటితో తట్టాడు. ఖంగుమని మోగి కాసేపు నిలిచింది. రెండు గొట్టాలనీ కలిపే పట్టీ ఎక్కడైనా ఊడి ఉంటే బొంగురుగా వస్తుందట. తర్వాత బిగించి దీపానికి ఎదురుగా పెట్టి, గొట్టాలు వెనక పలకకి ఆనే చోట వెలుతురు కారుతోందా అని చూశాడు. గొట్టాలు కోసి పొట్టి చేశారా అన్నది మూతి దగ్గర చూస్తే తెలుస్తుందని చూపించాడు. రెండు గొట్టాలూ ముందుకి పోయేకొద్దీ దగ్గరవుతాయి కాబట్టి కోస్తే మధ్యలో సందు కనపడుతుంది, మాదాంట్లో సందు లేదు. గోడ మందం కొలిస్తే ఎడమ గొట్టం ఒక చోట పల్చబడి ఉంది, ఎప్పుడో నొక్కు తీయించి లోపల రుద్దించారు. మడమకి, అంటే భుజానికి ఆనించే చెక్క చివరకి, రబ్బరు దిండు ఎవరో తర్వాత బిగించారు, దానికోసం చెక్క కొంచెం కోశారు. గొట్టాల మధ్య పట్టీ మీద బంగారంతో 2 అని పొదిగి ఉండేది. చిన్నప్పట్నుంచీ చూస్తున్న అంకె అది. జంటగా చేయించిన తుపాకుల్లో ఇది రెండోదన్నమాట. ఒకటో నంబరుది ఎక్కడుందో ఎవరికీ తెలియదు. జంట కలిసి ఉంటే రెండు విడివిడి ధరల మొత్తం కంటే బాగా ఎక్కువ పలుకుతుంది, విడిపోయిన రెండో నంబరుకి ఆ లాభం లేదు.

ఇవన్నీ రాసుకుని ఒక అంకె చెప్పాడు. నేను అనుకున్నదాని కంటే తక్కువే. కారణాలు ఒక్కొక్కటీ చేత్తో తాకించి చూపించాడు కాబట్టి నాకు ఎక్కడా అనుమానం రాలేదు. ఆ అంకెకి కొంచెం అటూ ఇటూగా లైసెన్సు ఉన్న మనిషికి, చట్టప్రకారం కాగితాలన్నీ రాసి అమ్మాను. ఇవాళ ఎవరైనా వచ్చి అదే కంపెనీ తుపాకీ ఒకటి దానికి నాలుగు రెట్లకి అమ్మకానికి పెట్టారని చెప్తే నాకు టెన్షన్ ఏమీ ఉండదు. దాని గొట్టాల మందం ఎంత, మడమ కోశారా, పెట్టె ఉందా, అసలు అది అమ్ముడుపోయిందా లేక రెండేళ్లుగా అదే ధరకి అక్కడే ఉందా? అడిగే ధర వేరు, చేతులు మారిన ధర వేరు. వేలంలో సుత్తి పడిన ధరకీ, పేపర్లో వచ్చే ధరకీ కూడా తేడా ఉంటుంది. చాలా వేలాల్లో కొన్నవాడు దాని మీద 20 శాతానికి పైగా కమీషన్ కట్టాలి, అమ్మినవాడికి వచ్చేదాంట్లో మళ్లీ వాళ్ల కోత పోతుంది. ఇన్సూరెన్సుకి రాయించే విలువ ఇంకా వేరు, పోతే మళ్లీ అలాంటిది దుకాణంలో కొనడానికి ఎంతవుతుందో అంత రాస్తారు. దాన్ని పట్టుకుని "మాది ఇంత విలువైనది" అని మార్కెట్‌కి వెళ్తే అవమానం తప్పదు.

ఇక బాధ గురించి. మా పెదనాన్నది ఎడమచేతి వాటం. ఇంగ్లీషు తుపాకుల మడమని మామూలుగా కుడిచేతి వాళ్ల భుజానికి తగ్గట్టు కుడివైపుకి కాస్త వాల్చి చేస్తారు, కన్ను గొట్టాల మధ్యకి నేరుగా రావడానికి. ఆయన వేడి నూనె పోయించి చెక్కని ఎడమవైపుకి వంచించుకున్నాడు. పైగా ఆయన చెంప ఆనించి ఆనించి కుడివైపు చెక్క ఒక అరచేతి మేర నున్నగా, మిగతాదాని కంటే నల్లగా తిరిగింది. నేను చిన్నప్పుడు ఎత్తుకుని భుజానికి పెట్టుకుంటే నాకెప్పుడూ కుదిరేది కాదు, పక్కకి తోసేది, ఆయన నవ్వేవాడు. గన్‌స్మిత్ విలువ కట్టేటప్పుడు ఈ వంపుని తగ్గింపులో రాశాడు, ఎందుకంటే ఎడమచేతి వాళ్లు తక్కువ, కొనేవాడు మళ్లీ కుడివైపుకి వంచించుకోవాలి. అతను రాసింది పూర్తిగా సరైనదే. మార్కెట్ లోపం కింద రాసుకున్నదే నాకు మా పెదనాన్న. ఆయన భుజం, ఆయన చెంప ఆ చెక్కలో ఉన్నాయి, దానికి ఎవరూ నాకు డబ్బు ఇవ్వక్కర్లేదు, ఇవ్వలేరు కూడా. కొన్నాయన నాతోనే అన్నాడు, వంపు తీయించేస్తానని. ఆయన తుపాకీ, ఆయన ఇష్టం. కాని ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. ఇంట్లో ఎవరికీ కాల్చడం రాదు, పిల్లలున్న ఇంట్లో దాన్ని భద్రంగా ఉంచడం, లైసెన్సు పనులు చూసుకోవడం మా వల్ల కాని పరిస్థితి, కాబట్టి అమ్మడం సరైన పనే. సరైన పని చేసినా బాధ ఉంటుంది, అది ధర పెరిగినందువల్ల పెరిగేదీ కాదు, తగ్గినందువల్ల తగ్గేదీ కాదు. తక్కువకి పోయిందని ఏడుస్తున్నవాళ్లలో చాలామందికి లోపల ఉన్నది ఈ బాధేనని నా నమ్మకం. మనిషి మీద బెంగ అని చెప్పుకోడానికి మొహమాటం, డబ్బు పోయిందంటే నలుగురూ అయ్యో అంటారు.

అలాంటి బెంగ ఉన్నవాళ్లు అమ్మేముందు ఒకటి ఆలోచించండి. పేల్చకుండా ఉంచుకోవడానికి మీ చట్టం ఏ దారి ఇస్తుందో కనుక్కోండి. చాలా దేశాల్లో పని చేయకుండా చేయించి దాచుకునే పద్ధతి ఉంటుంది. కాకపోతే ఒకసారి అలా చేయించాక సేకరించేవాళ్ల దృష్టిలో దాని ధర దాదాపు పోయినట్టే, కాబట్టి ఇంట్లోనే ఉండిపోతుందని ఖాయమైతేనే ఆ దారి. కుటుంబంలో లైసెన్సు తీసుకోగల మనిషి ఉంటే బయటివాళ్ల కంటే తక్కువకైనా వాళ్లకివ్వడం నయం. లేదూ, అమ్మాల్సిందే అంటే కొన్నాయన్ని ఒక మాట అడిగి పెట్టుకోండి, మళ్లీ ఎప్పుడైనా అమ్మదలిస్తే ముందు మీకు చెప్పమని. చాలామంది ఒప్పుకుంటారు. రాసుకుంటే ఇంకా మంచిది. అమ్మి పంపేముందు ముద్రలు, నంబర్లు, అరుగుదలలు అన్నీ దగ్గర్నుంచి ఫొటోలు తీసి ఉంచండి. కంపెనీ ఇంకా నడుస్తుంటే సీరియల్ నంబరు పంపి అడగండి, చాలా పాత ఇంగ్లీషు కంపెనీలు, అమెరికాలో కోల్ట్ లాంటివి పాత ఖాతా పుస్తకాల్లో చూసి ఏ ఏడాది ఎలాంటి గొట్టాలతో బయటికి వెళ్లిందో కాగితం మీద రాసిస్తాయి. ఫీజు ఉంటుంది. ఆ ఒక్క కాగితం అమ్మేటప్పుడు ఎన్ని అబద్ధాలనైనా పక్కకి నెట్టేస్తుంది.

పెట్టె, శుభ్రం చేసే కడ్డీలు, నూనె సీసా, కొన్న రసీదు, పాత లైసెన్సు పుస్తకం, ఇవి తుపాకీతోనే వెళ్లాలి. మూత లోపల తయారీదారు చీటీ అంటించిన తోలు పెట్టె ఉంటే అదొక్కటే కొన్నిసార్లు మంచి ధర పలుకుతుంది. దాన్ని పాత పెట్టె కదా అని బట్టలు పెట్టుకోడానికి వాడేస్తారు, మూల ఇత్తడి పట్టీలు ఊడదీసి పారేస్తారు. మొన్న మా అన్నయ్య పాత పెట్టె సర్దుతుంటే పెదనాన్న ఆ తుపాకీ భుజాన వేసుకుని నిలబడ్డ ఫొటో దొరికింది. వెనకాల ఆయన చేత్తో రాసిన తేదీ కూడా ఉంది. నేను ఒక కాపీ తీయించుకుని అసలు ఫొటోని కొన్నాయనకి పంపాను. ఇంట్లోవాళ్లు ఎందుకు పంపావని కోప్పడ్డారు. ఆ తుపాకీ ఎవరి చేతిలో ఎన్నాళ్లు ఉందో చెప్పే ఆధారం అది, ఉండాల్సింది తుపాకీ దగ్గరే. రేపు ఒకటో నంబరు ఎక్కడైనా బయటపడితే ఈ రెండింటినీ కలపడానికి ఎవరికో పనికొస్తుంది. ఆయన నాకు ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడాడు. చెక్కని ఇంకా వంచించలేదని కూడా చెప్పాడు.

చివరగా మీకు నా మనవి. వేలం వార్త వేసేటప్పుడు ఎన్ని కోట్లు అన్నదాన్ని శీర్షికలో పెట్టండి, ఫర్వాలేదు. కాని కింద నాలుగు లైన్లు ఎక్కువ రాయండి: ఆ తుపాకీకి ఏ కాగితాలు ఉన్నాయి, మొదటి పూత ఎంత మిగిలింది, ఆ మోడల్‌లో మామూలువి ఎంతకి పోతున్నాయి, చెప్పిన ధరలో కొన్నవాడి కమీషన్ కలిసి ఉందా లేదా అని. వేలం సంస్థల జాబితాల్లో ఇవన్నీ ముందే అచ్చయి ఉంటాయి, రాసే విలేకరికి పెద్ద శ్రమ కాదు. మెరుగు పెట్టించొద్దని కూడా ఒక ముక్క రాస్తే ఇంకా సంతోషం, ఎందుకంటే ఆ వార్త చదివిన మర్నాడే ఎవరో ఒకరు బీరువా తెరిచి గరుకు కాగితం చేతిలోకి తీసుకుంటారు.

ఇట్లు,
మీ పాఠకుడు